రెగ్యులేటర్ కొందామని ఆత్రేయపురం వెళ్తే

నేను రాజమండ్రిలో పళ్ళ డాక్టర్ని. రోజంతా జనం చేత నోరు తెరిపించి, "ముక్కుతో గాలి పీల్చండి, భయమేం లేదు" అని చెప్పడం నా వృత్తి. అలాంటి నన్ను కిందటేడు మావారు విశాఖపట్నం తీసుకెళ్ళి స్కూబా డైవింగ్‌లో చేర్పించారు. అక్కడ అంతా తలకిందులు. ముక్కు మూసేస్తారు, నోటితోనే పీల్చాలి. అయినా పట్టుబట్టి నేర్చుకున్నాను, సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నాను. ఆ తర్వాత సరదాగా వెళ్ళిన మొదటిసారే, అద్దెకు తీసుకున్న రెగ్యులేటర్‌కు నోట్లో పెట్టుకునే రబ్బరు చిరిగి ఉంది. పీల్చినప్పుడల్లా గాలితో పాటు ఉప్పునీళ్ళూ వచ్చాయి. దగ్గొచ్చింది, కంగారుపడ్డాను, పక్కనున్న శిక్షకుడి చెయ్యి పట్టుకుని పైకొచ్చేశాను. ఒంటికేమీ కాలేదు గానీ, అప్పటినుంచి ఆ వస్తువును నోట్లో పెట్టుకోవడం తలుచుకుంటేనే భయమేసేది.

ఇంతలో ఫిబ్రవరిలో అండమాన్ వెళ్దామని మావారు టికెట్లు తీసేశారు. ఈసారి కూడా భయపడితే అందరూ నీళ్ళలో దిగి చేపలు చూస్తుంటే నేను పడవలో కూర్చుని తువ్వాళ్ళకు కాపలా కాయాలి. నాకది సుతరామూ ఇష్టం లేదు. సొంత రెగ్యులేటర్ ఉంటే ధైర్యం వస్తుందేమో అనిపించింది. తెలియనివారి కోసం చెబుతున్నాను, వీపున కట్టుకునే సిలిండర్‌లో గాలిని బాగా కుక్కి పెడతారు. దాన్ని మనం పీల్చుకోగలిగేంత మెత్తగా మార్చి నోటికి అందించేదే రెగ్యులేటర్. ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి, కానీ పీల్చి చూడకుండా కొనడానికి మనసొప్పలేదు. విశాఖ శిక్షకుడిని అడిగితే, "మీ దగ్గర్లోనే ఆత్రేయపురం అవతల డేవిడ్ రాజు గారున్నారండి. కాకినాడలో నీళ్ళలో మునిగి ఓడల అడుగులు శుభ్రం చేసిన మనిషి. ఇప్పుడు ఇంటి దగ్గరే డైవింగ్ సామాన్లు బాగుచేసి అమ్ముతున్నారు" అన్నాడు.

ఈ మాట ఇంట్లో చెప్పగానే అత్తయ్యగారు కూరగాయల కత్తి పక్కన పెట్టారు. "రెగ్యులేటర్ అయితే మెయిన్ రోడ్డులో దొరుకుతుంది కదమ్మాయ్, దానికి ఆత్రేయపురం ఎందుకు? మన స్టవ్వు బాగానే వెలుగుతోందిగా!" అన్నారు. నేను ఫోన్‌లో ఫోటో చూపించి అంతా వివరించాను. పూర్తిగా విని, "సరే, నేనూ వస్తాను. ఎలాగూ అక్కడిదాకా వెళ్తున్నాం, పూతరేకులు తెచ్చుకోవచ్చు. పళ్ళసెట్టు తీసేసినా తినగలిగే మిఠాయి అదొక్కటే" అన్నారు. ఆ పళ్ళసెట్టు చేసింది నేనే కాబట్టి సరేనన్నాను.

డిసెంబరులో ఒక ఆదివారం, పొద్దున్న ఏడున్నరకు ధవళేశ్వరం మీదుగా వెళ్ళే పల్లెవెలుగు ఎక్కాం. ఇప్పుడు ఆడవాళ్ళకు అందులో ఛార్జీ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. కార్డు మాత్రం చేతికందేలా పెట్టుకోండి. అత్తయ్యగారు సంచి అడుగునుంచి తీసేలోపు కండక్టర్ రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. బ్యారేజీ మీద మంచు పూర్తిగా విడలేదు. కిటికీలోంచి చల్లగాలి కొడుతుంటే అత్తయ్యగారు కొంగు తలమీద కప్పుకుని, గోదావరి కనిపించినంతసేపూ దణ్ణం పెడుతూనే ఉన్నారు. బొబ్బర్లంక దాటాక రోడ్డు కాలువ పక్కనే సాగుతుంది. గంట దాటాక ఆత్రేయపురంలో దిగి, వేడివేడిగా పెసరట్టు తిని, డేవిడ్ రాజు గారికి ఫోన్ చేశాను. "రెగ్యులేటర్ దగ్గరుంటానండి, వచ్చెయ్యండి" అని పెట్టేశారు.

ఆటో అతని పేరు సత్తిబాబు. రానూపోనూ నాలుగు వందలకు మాట్లాడుకున్నాం. "రెగ్యులేటర్ దగ్గరికి వెళ్ళాలి" అన్నాను. "ఆయ్, ఎక్కండి" అని క్షణం కూడా ఆలోచించకుండా బయల్దేరాడు. పావుగంట తర్వాత కాలువ మీద ఇనుప తలుపులున్న ఒక కట్టడం ముందు ఆపి, "ఇదేనండి" అన్నాడు. నీళ్ళు కింద నుంచి నురగలు కక్కుతూ పోతున్నాయి.

"ఇదేంటండీ, లాకులకు తీసుకొచ్చారు?"

"రెగ్యులేటర్ అన్నారు కదండీ? మాకిదే రెగ్యులేటర్."

"నేను చెప్పింది గాలి రెగ్యులేటర్. సిలిండర్‌కు పెట్టేది. షాపులో అమ్మేది."

"ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ బాబూ!" అని అంతే ఉత్సాహంగా బండి వెనక్కి తిప్పి, సెంటర్‌లో గ్యాస్ స్టవ్వులు బాగుచేసే కొట్టు ముందు ఆపాడు. కొట్టాయన నా ఫోన్‌లోని ఫోటోను పెద్దది చేసి చూసి, "నాలుగు గొట్టాలున్నాయి, హోటల్ స్టవ్వాండీ?" అని అడిగాడు. అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టారు. అంతలో డేవిడ్ రాజు గారి ఫోన్ వచ్చింది. "ఎక్కడున్నారండీ? నేను రెగ్యులేటర్ మీదే నిలబడ్డాను. ఇందాక మీలాంటివాళ్ళే ఎవరో ఆటోలో వచ్చి ఆగి, కోప్పడి వెళ్ళిపోయారు." సత్తిబాబు అద్దంలోంచి నన్ను చూసి, బండి మళ్ళీ లాకుల వైపు తిప్పాడు. ఆ చూపుకు యాభై రూపాయలు ఎక్కువిచ్చాను.

డేవిడ్ రాజు గారికి అరవై దాటుంటాయి, ఇంకా గట్టి మనిషి. ఇల్లు కాలువ గట్టుకు రెండు కొబ్బరితోటల అవతల ఉంది. వరండాలో బల్ల మీద మూడు రెగ్యులేటర్లు పరిచారు. నల్లగా మెరిసిపోతున్న కొత్తది ఒకటి నన్ను వెంటనే ఆకట్టుకుంది. మిగతా రెండూ చూడటానికి అంతంత మాత్రమే. నోట్లో పెట్టుకోవడం కాసేపు వాయిదా వేయడానికి, ఇది లోపల ఎలా పనిచేస్తుందని అడిగాను.

"ఇందాక మీరు కోప్పడ్డారే, అచ్చం దానిలాగేనండి" అని నవ్వారు. "పెద్ద కాలువలో నీళ్ళు నిండుగా ఉంటాయి. అన్నీ ఒక్కసారే వదిలితే చేను కొట్టుకుపోద్ది. అందుకని రెగ్యులేటర్ దగ్గర కొంత తగ్గిస్తాం. చేను దగ్గర తూము మళ్ళీ కావలసినంతే ఇస్తది. సిలిండర్ మీద బిగించేది ఆ కాలువ రెగ్యులేటర్. నోట్లో పెట్టుకునేది తూము. మీరు పీలిస్తేనే తెరుచుకుంటది, ఆపేస్తే మూసుకుంటది."

మెరిసేదాన్ని ఆయనే పక్కకు పెట్టించారు. దాని బిగింపు మరలాగా తిరిగే రకం. మన దగ్గర చాలాచోట్ల అద్దెకిచ్చే సిలిండర్లు క్లాంపు రకానివి కాబట్టి మధ్యలో ఇంకో ముక్క కొనుక్కోవాలట. పైగా దాని విడిభాగాలు ఆయన దగ్గర దొరకవు. "ఏడాదికోసారి విప్పి చూపించుకోవాలండి. విప్పేవాడు దగ్గర లేని సామాను కొనకూడదు" అన్నారు. మిగతా రెంటిలో ఏది అనేది మాత్రం నాకే వదిలేశారు. "నోటి సంగతి మీకు తెలియనిదా?" నిజమే. ఒకదానికి పళ్ళతో కరుచుకునే రబ్బరు వెడల్పుగా ఉంది, పావుగంటలో దవడ నొప్పి పుడుతుంది. రెండోది మెత్తగా, పొట్టిగా, పళ్ళ మధ్య ఇమిడిపోయింది. పక్కనున్న తోటివారికి అవసరమైతే ఇవ్వడానికి నోట్లో పెట్టుకునేది ఇంకొకటి, గాలి ఎంత ఉందో చూపించే మీటరు కలిపి ముప్పై నాలుగు వేలు. కొత్తదే, కాకపోతే పాత మోడల్. రంగు మాత్రం పసుపు. అత్తయ్యగారికి అదే నచ్చింది.

"డబ్బు తర్వాత. ముందు నీళ్ళలో పీల్చి చూడండి" అన్నారాయన. పెరట్లో, ఒకప్పుడు రొయ్య పిల్లల్ని పెంచిన సిమెంటు తొట్టి ఉంది. ఛాతీ లోతు, తేట నీళ్ళు. పాత చుడీదార్ తెచ్చుకున్నాను కాబట్టి మార్చుకుని దిగాను. ఆయన పక్కనే దిగి సిలిండర్ పట్టుకున్నారు. అత్తయ్యగారు గట్టుమీద పీట వేయించుకుని కూర్చున్నారు. కళ్ళకూ ముక్కుకూ మాస్కు తగిలించి, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని తల ముంచాను. నీళ్ళు చెవులు దాటగానే ఊపిరి పీల్చలేకపోయాను. లేచి ఉమ్మేశాను. వస్తువులో ఏ లోపమూ లేదు, ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. రెండోసారీ అంతే. సొంతది కొంటే ధైర్యం దానంతటదే వస్తుందనుకున్నాను, అది సిలిండర్‌లో నింపి ఇచ్చేది కాదని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చినంత పనైంది. "వద్దులెండి" అన్నాను.

అప్పుడు అత్తయ్యగారు గొంతు సవరించుకుని, డాక్టరమ్మ గొంతుతో అన్నారు: "కంగారేం లేదండి. మెల్లగా గాలి పీల్చండి. ఇబ్బందిగా ఉంటే ఎడమ చెయ్యెత్తండి, ఆపేస్తాను."

అక్షరం పొల్లుపోకుండా నా మాటలే. కిందటి ఎండాకాలం ఆవిడకు మిగిలిన దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసినప్పుడు నేనన్నవి.

"ఆ రోజు నేను చెయ్యెత్తితే నువ్వు ఆపావా లేదా?" అని అడిగారు.

"ఆపాను అత్తయ్యగారూ. మూడుసార్లు."

"మరి నేనూ ఆపిస్తాను. డేవిడ్ రాజు గారూ, మా కోడలు చెయ్యెత్తగానే పైకి లాగెయ్యాలి, తెలిసిందాండీ?"

"ఆయ్, లాగేస్తానండి."

మూడోసారి ముంచాను. కళ్ళు తెరిస్తే నీటిపైన అత్తయ్యగారి ముఖం కదులుతూ కనిపించింది, నా ఎడమ చేతినే చూస్తున్నారు. ఒకసారి పీల్చాను. తూము తెరుచుకుంది. వదిలాను, బుడగలు చెవి పక్కనుంచి గలగలమంటూ పైకెళ్ళాయి. మళ్ళీ పీల్చాను. చెయ్యెత్తాలన్న ఆలోచన ఎప్పుడు పోయిందో తెలియదు. తొట్టి అడుగున కూర్చుని, ఏ చేపా లేని సిమెంటు గోడను చూస్తూ నాకెంత సంతోషమైందో చెప్పలేను. పైకి రాగానే, "ఎంతసేపమ్మా! నా పన్ను పని కూడా ఇంతసేపు పట్టలేదు" అన్నారు అత్తయ్యగారు. డేవిడ్ రాజు గారి భార్య కాఫీ ఇచ్చి, అత్తయ్యగారు పూతరేకులు కొనడానికి తమకు తెలిసిన ఇల్లు చూపించారు.

మూడింటి బస్సుకు తిరిగొచ్చాం. నా ఒళ్ళో రెగ్యులేటర్ సంచి, ఆవిడ ఒళ్ళో పూతరేకుల పెట్టె. ఎన్నేళ్ళుగానో క్లినిక్‌లో రోగి కుర్చీ పక్కన నిలబడి చెబుతున్న మాట నాకూ పనికొస్తుందని అనుకోలేదు. రోగులు చాలామంది చెయ్యెత్తనే ఎత్తరు, ఎత్తితే ఆపేవాళ్ళున్నారని తెలిస్తే చాలు. అది చెప్పేటప్పుడు నాకు తెలుసు, కానీ వినేవైపు కూర్చుంటే గానీ అర్థం కాలేదు.

మీరూ మొదటి రెగ్యులేటర్ కొనే ఆలోచనలో ఉంటే ఒకటే సలహా. రంగూ మెరుపూ చూసి కాకుండా, నీళ్ళలో పీల్చి చూశాకే కొనండి. వెళ్ళేటప్పుడు మాత్రం, మీరు చెయ్యెత్తితే ఆపించే మనిషిని వెంటబెట్టుకెళ్ళండి. మేమైతే అండమాన్‌కు అత్తయ్యగారి టికెట్టు కూడా తీసేశాం.