అడుగున మిగిలిన మందు

నోటి వాసన కూడా చూడకుండా ఒక మనిషి తాగి ఉన్నాడని రాశాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున మా క్యాంపుకు చేరేసరికి సాయంత్రం నాలుగు. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు. సైన్యంలో నర్సుగా అది నా మొదటి బయటి డ్యూటీ. వరదకు దారి కొట్టుకుపోతే మావాళ్ళు తాత్కాలిక వంతెన కడుతున్నారు. ముప్ఫై ఆరుగురు, ఎనిమిది గుడారాలు. వైద్యానికి ఒకటి: రెండు మంచాలు, మందుల పెట్టె, నేను. డాక్టరు కడపలో ఉంటారు. ఏదడగాలన్నా వైర్‌లెస్సే. గాలి ఆగేది కాదు. అన్నంలో ఇసుక, డైరీ పేజీల మధ్య ఇసుక.

పదకొండో రోజు పొద్దున ఆరున్నరకు లారీ డ్రైవర్‌ను ఇద్దరు పట్టుకొచ్చారు. పులివెందుల మనిషి, ముప్ఫై ఏళ్ళుంటాయి. కాళ్ళు నిలవడం లేదు. మాట ముద్దగా వస్తోంది. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కెప్టెన్ ఏమైందని అడిగారు. నలుగురు మగవాళ్ళ ముందు ఎదురు మాట్లాడే అలవాటు నాకు లేదు. అందరూ అనుకుంటున్నదే రిజిస్టర్‌లో రాసిచ్చాను. ఆయన కాపలా పెట్టించి, మధ్యాహ్నం విచారణ అన్నారు.

వైర్‌లెస్ ఆపరేటర్ది చిత్తూరు. గుడారంలోకి తొంగి చూసి నవ్వాడు.

"మద్యనిషేధం ఉండే జిల్లాలో వీనికి సారా యాడ దొరికింది సిస్టర్? దొరికింటే మాకు చెప్పకుండా తాగుతాడా?"

అప్పుడు వాసన చూశాను. లేదు. నా వేలిని చూడమని పక్కకు జరిపాను. కళ్ళు నిలవకుండా అటూ ఇటూ అదిరాయి. నోరు తెరిపించాను. చిగుళ్ళు వాచి పళ్ళను సగం కప్పేశాయి. ఇది నేను చదివిందే. పెట్టె అడుగునున్న పుస్తకం తీసి మళ్ళీ చదివాను. మూర్ఛకు ఇచ్చే మందు ఒంట్లో ఎక్కువైతే సరిగ్గా ఇలాగే ఉంటుంది.

అతని పరుపుచుట్టలో సీసా దొరికింది. ఊళ్ళో కాంపౌండర్ మూర్ఛ మాత్రలు నూరి తీపినీళ్ళలో కలిపిచ్చాడు. సీసాకు అంటించిన మోతాదు గుర్తుల కాగితం, అడుగున కాస్త తెల్లటి మడ్డి. ప్రతిసారీ బాగా కుదిపి తాగాలి. ఎవరి కంటా పడకూడదని దుప్పటి కింద, కదపకుండా తాగానని అడిగితే చెప్పాడు. మొదటి వారమంతా పైనున్న తీపినీళ్ళే. ఏటి ఇసుకలో ఒంటరిగా ఉన్నప్పుడు మూర్ఛ వచ్చింది. భయపడి, నాలుగు రోజులుగా మోతాదు రెట్టింపు చేశాడు. మాత్రల బలమంతా ఆ అడుగు మందులోనే ఉంది.

నెమ్మదిగా, మాట కూడదీసుకుని అన్నాడు. "తాగినానని రాసినావంట గదా, అట్లే ఉండనీ సిస్టరమ్మా. ఇరవై ఎనిమిది దినాలు లోపలేస్తారు, అంతే. మూర్ఛ అని రాస్తే ఇంగ బండి ఇయ్యరు."

"వద్దన్నా. ఈ సీసా మళ్ళా ఎత్తితే నువ్వు పోతావు. బండి తోలేటప్పుడు మూర్ఛొస్తే వెనక కూర్చున్నోళ్ళు గూడా పోతారు."

పదకొండున్నరకు వైర్‌లెస్ ముందు కూర్చున్నాను. డాక్టరు వరసగా ప్రశ్నలు వేశారు. ఒక్కదానికీ తడబడలేదు. సీసా పారబోసి, నీళ్ళు పట్టిస్తూ కనిపెట్టి ఉండమన్నారు. తేరుకున్నాక తను చెప్పినన్ని మాత్రలు మొదలుపెట్టాలి. ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు వరసపెట్టి వస్తాయి. తర్వాత కెప్టెన్ ఎదుటే పొద్దున రాసింది కొట్టేసి, కింద నిజం రాసి సంతకం పెట్టాను. కాపలా తీసేశారు. లారీ తాళం కూడా తీసేసుకున్నారు. అది సరైన సంతకమని ఇవాళ కూడా అంటాను.

ఆ తర్వాత ఐదో రోజుకు తిన్నగా నడిచాడు.

నలభయ్యో రోజు వంతెన పూర్తయింది. మా ఇంటికి, ప్రొద్దుటూరుకు, అదే లారీలో బయల్దేరాను. తోలుతున్నది కొత్త మనిషి. పాత డ్రైవర్ మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. సైన్యం నుంచి తీసేసినట్టు ఇచ్చిన కాగితాలు జేబులో ఉన్నాయి. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని దారే చూస్తున్నాడు. మలుపు వచ్చిన ప్రతిసారీ అతని కుడికాలు, అక్కడ బ్రేకు ఉన్నట్టే, కింది ఒట్టి రేకును నొక్కింది. ఇప్పుడు నేను ఏ బస్సెక్కినా, మలుపు దగ్గర ఆ కాలే కనిపిస్తుంది.

ప్రొద్దుటూరులో దిగాను. అతనే నా పెట్టె కిందికి అందించాడు.

"అంతా రాసినావు గదా సిస్టరమ్మా. నేనింగ ఏం పని చేసుకోవాల్నో అది గూడా రాసిపో."