స్పీకరులో వసూలాయన

మా పిన్ని డ్రైవింగ్ నేర్పుతుంది. అప్పు చేసి కొన్న చిన్న కారు, అందులో పక్కసీటు దగ్గర ఆవిడ కాలికి అందేలా ఇంకో బ్రేకు. స్కూలంటే అంతే. ఇంతకుముందు పక్క రాష్ట్రంలో ఉండేది. అక్కడ వ్యాపారం చతికిలబడ్డాక కారు నడుపుకుంటూ మా ఊరొచ్చేసింది. వాయిదాలు కట్టడం ఆగిపోయింది.

అప్పిచ్చినవాళ్లు ఊరుకుంటారా? రోజూ పొద్దున, సరిగ్గా నేను స్టీరింగ్ పట్టుకునే వేళకి వసూలాయన ఫోను. పిన్ని స్పీకరులో పెట్టేది.

"మేడమ్, రాష్ట్రం దాటితే వదిలేస్తామనుకున్నారా? కోర్టుకీడుస్తాం! కారు పట్టుకుపోతాం!"

నేను ఫోనుకేసి చూసేదాన్ని. కారు గోడవైపు మళ్లేది. పిన్ని బ్రేకు తొక్కి, "కేసు నా మీదే, నీ మీద కాదు. రోడ్డు చూడవే!" అనేది.

నాకు ఒళ్లు మండేది. "ఆ ఫోను కట్ చేసెయ్యొచ్చుగా పిన్నీ?"

"రోడ్డు మీద హారన్లు కట్ చేస్తావా? ఈ అరుపుల్లో గేరు మార్చగలిగితే నీకు లైసెన్సు వచ్చినట్టే."

పైకి అలా అనేది గానీ, ఒకరోజు కారు తుడుస్తూ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఇది పోతే నా బతుకుతెరువు పోయినట్టేనే" అంది.

మర్నాడు వసూలాయన మొదలెట్టగానే పిన్ని అడ్డు తగిలింది. "బాబూ, అప్పు తీసుకున్నాను, కాదనను. అసలెంతో, వడ్డీ ఎంతో, మీరు పైన తగిలించిందెంతో విడివిడిగా రాసి పంపండి. కేసంటారా, వేసుకోండి, లాయర్ని పెట్టుకుని వస్తాను. కారు పట్టుకుపోతే మీకు దక్కేది పాత ఇనుము. నా దగ్గరుంటే నెలనెలా డబ్బు."

"మేనేజరుగార్ని అడిగి చెప్తానండీ" అన్నాడు. ఆ గొంతంతా ఏమైపోయిందో!

లెక్క రాసి పంపేసరికి పైన తగిలించింది చాలావరకు ఎగిరిపోయింది. మిగిలింది పిన్ని పంటిబిగువున తీర్చేసింది. ఆ రోజు ఇంటిల్లిపాదినీ కారులో కుక్కి ఊరంతా తిప్పింది. ఎంత సంతోషమో! నాకూ లైసెన్సు వచ్చింది.

మొన్న కొత్తగా చేరిన టైలరావిడ ఖాళీ రోడ్డు మీద బ్రహ్మాండంగా నడుపుతోంది. హారన్ వినపడితే చాలు, స్టీరింగ్ వదిలేస్తోంది. పిన్ని ఆలోచించి ఫోను తీసింది.

"బాబూ, నేనే. కాస్త అరుస్తారా?"

"మీ అప్పు తీరిపోయిందిగా మేడమ్!"

"తీరింది లెండి. ఇక్కడొకావిడ స్టీరింగ్ పట్టుకుంది."

వసూలాయన గొంతు సవరించుకున్నాడు. "ముందు ఆవిడ సీటు బెల్టు పెట్టుకున్నారో లేదో చూడండి" అన్నాడు.