ఇడ్లీల షిఫ్టు రిపోర్టు

మా స్కూల్లో తెలుగు క్లాసు మూతపడబోతోందని నాకు మొదట చెప్పింది ప్రిన్సిపాల్‌గారు కాదు, గోడలకు సున్నం వేయడానికి వచ్చిన మనిషి. బ్రష్షు పట్టుకుని తలుపులో నిలబడి, ఈ బల్లలన్నీ బయట పెట్టించండి, ఇక్కడికి కంప్యూటర్లు వస్తున్నాయి అన్నాడు హిందీలో.

నాకు కోపం వస్తే ముందుగా చెప్పులు చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడు వరండా చివరినుంచే విన్నట్టున్నారు, నేను గదిలోకి వెళ్ళేసరికి ప్రిన్సిపాల్‌గారు టీ తెప్పించి ఉంచారు. ఛత్తీస్‌గఢ్ ఏర్పడి కొన్నేళ్ళే అయిన రోజులవి. "రాష్ట్రం కొత్తది మేడమ్‌జీ, స్కూలూ కొత్తగా ఉండాలి" అనేవారాయన ప్రతిదానికీ. కుళాయి మార్చినా అదే మాట, ప్యూన్‌ని మార్చినా అదే మాట. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. కంప్యూటరంటే మాత్రం ప్రాణం.

"మీ తెలుగు పిల్లలు ఇంట్లోనూ హిందీయే, బయటా హిందీయే. మరి క్లాసెందుకు?" అన్నారు.

అబద్ధమైతే పోట్లాడి ఉందును. భిలాయి స్టీలు ప్లాంటులో పని చేయడానికి శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు వాళ్ళు. నా క్లాసులో కూర్చుని కూడా "మేడమ్, బాత్రూమ్ జాఊఁ?" అనే అడిగేవారు. అందుకని బేరానికి దిగాను. పరీక్షల ముందు ఆయన వచ్చి క్లాసులో కూర్చోవాలి. పిల్లలు తమలో తాము తెలుగులో మాట్లాడుకోవడం వినాలి. హిందీ వినపడితే క్లాసు మూసేయొచ్చు. ఆయన నవ్వుతూ సరేనన్నారు. నేను ఓడిపోతానని ఆయనకి గట్టి నమ్మకం. నాకూ కొంచెం అలాగే ఉంది.

ఆ రోజుల్లో పిల్లలందరూ స్కూల్లో అప్పటికే ఉన్న చిన్న కంప్యూటర్ ల్యాబులో మాస్టారి కళ్ళు కప్పి ఒక స్నేహాల సైటు చూస్తుండేవారు. ఫొటోలు పెట్టుకోవడం, ఒకరి గోడ మీద ఒకరు రాసుకోవడం. కంప్యూటర్లు నా గదిలోకి వస్తే నేనూ కంప్యూటర్లలోకి దూరుతాననుకున్నాను. అందులో మా క్లాసుకని ఒక పేజీ ఎలా తెరవాలో పిల్లల్నే అడిగాను. వరండాలో నన్ను చూసి దారి మార్చేవాళ్ళు కాస్తా ఆ మధ్యాహ్నం నాకు మాస్టర్లయిపోయి, "మేడమ్, అలా కాదు, యహాఁ క్లిక్ కీజియే" అని నన్నే కసిరారు. నా ఫొటో పెట్టడం ఇష్టంలేక కాకరకాయ బొమ్మ పెట్టాను. సరిగ్గా సరిపోయిందని క్లాసంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంది.

మొదటి హోంవర్కు: ఈ రోజు పొద్దున మీ ఇంట్లో ఏం జరిగింది? ఇంటి నుంచో నెట్ సెంటర్ నుంచో ఆ పేజీలో తెలుగులో రాయాలి, అక్షరాలు ఇంగ్లీషువైనా ఫరవాలేదు.

ఇక చూడండి, పేజీ నిండిపోయింది! అంతా చక్కటి తెలుగు. ఒకబ్బాయి "ప్రభువు కృప వలన ఉప్మా మాడలేదు" అని రాశాడు. హిందీ తప్ప నోట్లోంచి ఊడిపడని ఎనిమిదో తరగతి అమ్మాయి ఇలా రాసింది:

"ఉదయం ఆరు గంటలకు ఇల్లు సాధారణ స్థితిలో నడుస్తున్నది. పాల ప్యాకెట్లు అందినవి. గ్యాసు ఒత్తిడి తక్కువ. ఇడ్లీ మొదటి వాయి సంతృప్తికరం. రెండో వాయి గట్టిపడినది. కారణం విచారణలో ఉన్నది. ఇతర విశేషములు లేవు."

నేను పొంగిపోయి మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయనా ప్లాంటు మనిషే. చదివి పడీపడీ నవ్వాడు.

"ఏటే ఇది? ఇది మా షిఫ్టు రిపోర్టే! డ్యూటీ దిగీవోడు మెషీన్లు ఎలాగున్నాయో రాసి, ఎక్కీవోడికి ఛార్జి అప్పగించాల. ఆడు రాకపోతే ఈడు కదలకూడదు. ఆ పిల్ల ఏటి, ఫర్నేసులో పన్జేస్తందేటి?"

మర్నాడు ఆ అమ్మాయిని లేపి, రెండో వాయి ఎందుకు గట్టిపడిందని అడిగాను.

"వాయి మత్లబ్?" అంది, ఆ మాటే ఎప్పుడూ విననట్టు.

"హోంవర్కు ఎవరు రాశారు?"

"డాడీ నే" అంది తల దించుకుని. ఉప్మా సంగతి వాళ్ళమ్మ రాసిందని ఆ అబ్బాయీ ఒప్పుకున్నాడు. ఆ వెనక వరసగా అందరూ ఒప్పుకున్నారు. పిల్లలకి చదువు చెబుతున్నాననుకుంటే నేను వాళ్ళ అమ్మానాన్నలకి చెబుతున్నాను, పైగా వాళ్ళకి అది ముందే వచ్చు!

ఒళ్ళు మండిపోయింది. కానీ తిడితే పేజీ ఖాళీ అవుతుంది, పేజీ ఖాళీ అయితే గది పోతుంది. అందుకని రెండో హోంవర్కు కొంచెం ఆలోచించి ఇచ్చాను: మీ ఇంట్లో పెద్దవాళ్ళు గుట్టుగా చేసే పని ఒకటి రాయండి. ఇప్పుడు ఏ నాన్న రాసిపెడతాడో చూద్దామనుకున్నాను.

ఎవరూ రాసిపెట్టలేదు. ఆ అమ్మాయి తన సొంత తెలుగులో రాసింది: "మా డాడీ నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకోరు. పడుకున్న యాక్టింగ్ చేస్తారు. ఎందుకంటే మమ్మీ సబ్జీకి పంపుతుంది. మమ్మీ బయట పోతే లేచి టీవీ చూస్తారు."

కాసేపటికి కింద వాళ్ళ నాన్నగారి జవాబు వచ్చింది: "పై రిపోర్టు వాస్తవము కాదు. టీవీ దానంతట అదే ఆన్ అయినది."

"అబద్ధం! రిమోట్ మీ తలగడ కింద ఉంది!" అని దాని కింద కూతురు.

మిగతా ఇళ్ళూ అంటుకున్నాయి. వారంలోగా ప్లాంటు క్వార్టర్ల సెక్టార్లలోనూ, వాటి పక్క క్యాంపు బస్తీల్లోనూ ఉన్న మా తెలుగువాళ్ళ గుట్లన్నీ ఆ పేజీలో ఆరేశారు. నేను రోజూ స్నానం కూడా మానుకుని చదివేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ నాన్నగారు హెల్మెట్ చంకలో పెట్టుకుని స్కూలు గేటు దగ్గర నిలబడ్డారు. "ఏటండి మేడమ్, పరువు తీసీసినారు! మా ఆవిడ రిమోట్ దాసీసింది!"

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన కాసేపు కోపంగా చూసి, తరవాత గొంతు తగ్గించారు. "కానండి... మా పాప నాతోటి తెలుగులో తగువాడతంది. పుట్టినకాడ్నించి ఇదే ఫస్టు. ఇంట్లో నేను తెలుగులో అడిగితే అది హిందీలో సెప్పుద్ది. అందుకేనండి ఆ హోంవర్కు నేను రాసీవోడిని. తెలుగు రాసుకోడానికి నాకింకో సోటు లేదు."

ఆ మాటకి నా నవ్వు ఆగిపోయింది. రిమోట్ దొరుకుతుంది లెండి అన్నాను.

మా బేరం తేలే రోజున క్లాసు ల్యాబులో పెట్టాను, ప్రిన్సిపాల్‌గారు వెనకబల్ల మీద చెవులు రిక్కించి కూర్చున్నారు. మాట్లాడుకోండర్రా అన్నాను. ఒక్కరూ నోరు విప్పలేదు. దిక్కుతోచక పేజీ తెరిచాను. పైన ఆ నాన్నగారి కొత్త కబురుంటే గట్టిగా చదివాను: "టీవీ విషయమై తుది నివేదిక. విచారణలో తండ్రి నిర్దోషి అని తేలినది. తప్పు కూతురిది."

"నాదా?" ఆ అమ్మాయి దిగ్గున లేచింది. "నేను కిటికీలోంచి చూశాను! గుర్రు కూడా నోటితో చేస్తున్నారు!" మా నాన్నా అంతే, మా అమ్మయితే ఇంకా ఎక్కువ అంటూ మిగతావాళ్ళు అందుకున్నారు. ఆ గోలలో ఎవరో "కానీ" అనబోయి హిందీలో "లేకిన్" అన్నారు. ప్రిన్సిపాల్‌గారు వేలు పైకెత్తారు. అందరూ చప్పున ఆగిపోయారు. ఆయన నా మొహం చూశారు, పిల్లల మొహాలు చూశారు, వేలు దించేశారు.

"ఒక్క లేకిన్ మాఫ్" అన్నారు. "నాకు ఏమీ అర్థం కాలేదు. అంటే తెలుగే అయి ఉంటుంది."

గది కంప్యూటర్లకే పోయింది. తెలుగు క్లాసు మాత్రం ఆ కంప్యూటర్ల మధ్యే సాగింది. ప్రిన్సిపాల్‌గారు వేలు దించిన ఆ సాయంత్రం పేజీ తెరిస్తే కొత్త రిపోర్టు కనిపించింది:

"తెలుగు సాధారణ స్థితిలో నడుస్తున్నది. ఇకపై ఈ పేజీలో హోంవర్కు నేను రాయను. ఛార్జి మా అమ్మాయికి అప్పగించడమైనది."

దాని కింద ఆ పిల్ల రాసింది: "ఛార్జి తీసుకున్నాను. రిమోట్ ఇంకా దొరకలేదు."