గంట మోగితేనే తలెత్తే రాజన్న మామ

ఇయ్యాల సెలవు. ఈడ గల్ఫ్‌ల, ముసఫ్ఫా లేబర్ క్యాంపుల మా రూముల ఆరుగురం ఉంటం, టీవీ ఒక్కటే. వంట వంతు ఎవలదైతే ఆ పూట రిమోట్ వాళ్లదే. ఇయ్యాల రాజన్న మామ వంతు. మా పోరగాళ్లకేమో ఎంఎంఏ కావాలె. గుద్దుడు, తన్నుడు, కిందేసి మెడ పట్టుడు, ఒక్కోసారి నిమిషంలనే ఖలాస్. మామ బాక్సింగ్ పెట్టిండు.

పెట్టినోడు సూస్తడా అంటే, అదీ లేదు! వాళ్లు కొట్టుకున్నంత సేపు తల వంచుకొని బెండకాయలు కోస్తనే ఉన్నడు. గంట మోగి, బాక్సర్ పోయి మూలకు స్టూల్ మీద కూసుంటే అప్పుడు తలెత్తి సూస్తడు. నాకు మస్తు కోపమొచ్చింది.

"కొట్టుడు సూడనోనికి బాక్సింగెందుకు మామా?" అన్న.

"కొట్టుడేమున్నది అల్లుడా! మూడు నిమిషాలకోసారి వాని మనుషులొచ్చి వాన్ని కూసోవెట్టి, మొఖం తుడిచి, నీళ్లు తాపుతరు. నేను గదే సూస్త. మీ ఎంఎంఏల గా కూసోవెట్టుడు వచ్చేదాక శానా సేపు ఆగాలె, ఒక్కోసారి రానే రాదు."

మామ ఇంటికి పోక నాలుగేండ్లాయె. నిరుడు నాకు జరమొచ్చినప్పుడు నుదుటి మీది తడిగుడ్డ నేనే మార్చుకున్న సంగతి యాదికొచ్చింది.

మళ్ల ఎవ్వలం రిమోట్ అడగలే, తలా ఇన్ని బెండకాయలు ముందేసుకొని కోసుడు వెట్టినం. తర్వాతి గంటకు ఆరుగురం ఒక్కసారే తలెత్తినం.

నేను ఇయ్యాల్టి సంది స్టూల్ పార్టీ. మీ మొఖం వేరేటోళ్లు తుడిచి ఎన్ని దినాలాయె? కింద రాయుండ్రి.