టేపు వెయ్యని చోటు

కారు చక్రం ఊడదీస్తే లోపల ఇనుప డిస్కు ఉంటుంది. దాన్ని పిడికిట పట్టుకున్నట్టు పైన కాలిపర్ ఉంటుంది. బ్రేకు తొక్కితే బిగిసేది ఆ పిడికిలే. ఎడంచేతి మేస్త్రీ ఇరవై ఏళ్ళుగా ఆ పిడికిళ్ళకు రంగులు వేస్తున్నాడు. చువ్వల సందుల్లోంచి కాస్త ఎరుపో పసుపో మెరిస్తే మురిసిపోయే మనుషులు ఉన్నంతకాలం తనకు పనికి లోటు లేదని ఆయన ధీమా.

వచ్చినవాళ్ళకు మూడు దారులు చెబుతాడు. చక్రం తీయకుండా సందుల్లోంచి బ్రష్షుతో పూయడం ఒకటి. చక్రం తీసి, రుద్ది, రంగు తగలకూడని చోట్ల టేపు వేసి స్ప్రే కొట్టడం రెండోది. కాలిపర్నే విప్పి పంపి, పొడి రంగు చల్లించి ఓవెన్లో కాల్పించడం మూడోది. పైన అంటించే ప్లాస్టిక్ తొడుగుల మాట ఎవరైనా ఎత్తితే మాత్రం, “పళ్ళు తోముకోకుండా పెదాలకు రంగేసుకున్నట్టుంటుంది” అంటాడు.

ఆ మంగళవారం పొద్దున్నే లెక్కల టీచరమ్మ తన పాత బూడిదరంగు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపింది.

“ఇంకా ఇదే నడుపుతున్నారా అమ్మా?”

“మీరింకా ఇక్కడే ఉన్నారుగా. అదీ ఉంది.” చంకలో పరీక్ష పేపర్ల కట్ట సర్దుకుంటూ అంది. “ఓవెన్లో కాల్చే రంగు వేయించమంటోంది మా అమ్మాయి.”

“దానికి అన్నీ విప్పాలి, లోపలి రబ్బర్లు తీయాలి. నాలుగు రోజులు కారు కదలదు. స్ప్రే అయితే సాయంత్రానికి ఇచ్చేస్తా.”

“అయితే స్ప్రేనే కానివ్వండి. ఎరుపే. పోయినసారిలా చక్రం పట్టేయకుండా చూడండి చాలు.”

మేస్త్రీ నవ్వాడు. “అది మా తమ్ముడి నిర్వాకం లెండి.”

టీచరమ్మ నవ్వలేదు. “నా ముందే తిట్టారు పాపం. నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.” పేపర్లు తీసుకుని ముందు గదిలో కూర్చుంది.

పదకొండేళ్ళ కిందటి మాట. అప్పుడు షెడ్డులో అన్నదమ్ములిద్దరూ పనిచేసేవారు. అన్నయ్యది వేగం, తమ్ముడిది ఓపిక. తమ్ముడు టేపును ముక్కలు ముక్కలుగా కత్తిరించి ఇనుప అంచు వెంట అంటిస్తుంటే అన్నకు ఒళ్ళు మండేది. “పెళ్ళికూతురికి ముస్తాబా అది? త్వరగా కానియ్” అనేవాడు. తమ్ముడు ఇంకో ముక్క కత్తిరించేవాడు. బ్రష్షు ముట్టేవాడు కాదు. ఎవరికీ కనిపించని వెనకవైపు కూడా స్ప్రే కొట్టేవాడు.

ఇదే కారు రంగు వేయించుకుని వెళ్ళిన మూడో రోజున ఒక చక్రం పొగలు కక్కింది. బ్రేకు ప్యాడ్ జరగాల్సిన గాడిలో రంగు పేరుకుని ప్యాడ్ ఇరుక్కుపోయిందని ఎదురుగా ఉన్న మెకానిక్ తేల్చాడు. తమ్ముడు రోడ్డు దాటి వెళ్ళి చూసి వచ్చాడు. వస్తూనే, “నువ్వోసారి వెళ్ళి చూడన్నయ్యా” అన్నాడు.

“చూసేదేముంది? ముద్దలు ముద్దలుగా కొట్టి నా పరువు తీశావు. రేపట్నుంచి ఆ స్ప్రే గన్ను ముట్టుకోకు.”

టీచరమ్మ అక్కడే నిలబడి ఉంది. తమ్ముడు స్ప్రే గన్ను థిన్నరుతో కడిగి, తుడిచి, మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు. తర్వాత పక్క ఊళ్ళో టైల్సు కొట్టులో చేరాడు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకోవడమే. అంతకుమించి లేదు.

మేస్త్రీ జాకీ ఎత్తి చక్రాలు ఒక్కొక్కటే తీశాడు. మొదటి మూడు కాలిపర్ల మీదా రంగు వెలిసింది గాని, గీత గీసినట్టు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. వెనకవైపు వేలు పెట్టి తడిమాడు. అక్కడా నున్నగానే ఉంది. వీడి చాదస్తం పదకొండేళ్ళు నిలిచింది అనుకున్నాడు.

నాలుగోది వెనక ఎడమవైపు చక్రం. పట్టేసింది అదే. మెకానిక్ గీకిన గాడిలో ఇనుము కనిపిస్తోంది. దాని చుట్టూ ఉన్న రంగు మీద చారలున్నాయి. స్ప్రేకి చారలు పడవు. మేస్త్రీ ముక్కాలి పీట దగ్గరికి లాక్కుని, టార్చి వేసి చూశాడు. బ్రష్షు వెంట్రుకల చారలు. అన్నీ కుడి నుంచి ఎడమకు వాలి, ఎడమ కొసన చుక్కగా గడ్డకట్టాయి. వెనకవైపు అసలు రంగే లేదు. అలాంటి చారలు ఆ వీధిలో ఒక్క చెయ్యే గీస్తుంది.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు చక్రాలు అయ్యాక కరెంటు పోయి, స్ప్రేకి గాలి కొట్టే కంప్రెసర్ ఆగిపోయింది. తమ్ముడు అన్నానికి ఇంటికి వెళ్ళాడు. వాడొచ్చేదాకా ఆగడమెందుకని తనే బ్రష్షు ముంచాడు. టేపు వెయ్యలేదు. అయిదు నిమిషాల పని. అంత చిన్న పని కాబట్టే మనసులోంచి జారిపోయింది. తమ్ముడు తిరిగొచ్చేసరికి చక్రం బిగించేశాడు కూడా.

టార్చి ఆర్పాడు. చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. రోడ్డు దాటి ఆ రోజు పది అడుగులు వేసి ఉంటే సరిపోయేది.

షెడ్డు వెనక్కి వెళ్ళి ఫోను చేశాడు.

“ఏంటన్నయ్యా, అంతా బాగేనా?” తమ్ముడి గొంతులో కంగారు.

“బాగే. టీచరమ్మ కారొచ్చింది.”

మేస్త్రీ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

“వెనక ఎడమది నేనేసింది రా.”

“తెలుసు.”

“తెలిసి చెప్పలేదేం?”

“అంతమందిలో ఏం చెప్పను? వెళ్ళి చూడమన్నాగా. చూస్తే నీకే తెలుస్తుందనుకున్నా. ఓ నెల్లాళ్ళు ఎదురుచూశా కూడా.”

మేస్త్రీ గోడకు ఆనుకున్నాడు. “గన్ను ఇంకా ఆ మేకుకే ఉంది. రారాదూ?”

“ఇప్పుడెందుకులే. చెయ్యి అలవాటు తప్పింది. ఇక్కడైతే పిల్లలకు బడి దగ్గర.” తమ్ముడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలడానికి చోటుండేది. “కొట్టుకి ఎవరో వచ్చారు. ఉంటా. టేపు వెయ్యడం మర్చిపోకు.”

మేస్త్రీ ముందు గదిలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“అమ్మా, ఆ రోజు పట్టేసిన చక్రం మా తమ్ముడు వేసింది కాదు. నేను వేసింది.”

టీచరమ్మ ఎర్రపెన్ను ఆపి తలెత్తింది. “అతనికి చెప్పారా?”

“ఇప్పుడే చెప్పాను.”

ఆమె తలాడించి పెన్నుకు మూత పెట్టింది. “సాయంత్రానికి అవుతుందా?” అంది.

“కాదమ్మా. రేపు రండి.”

వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. ఉప్పుకాగితం తీసుకుని తన చారలన్నీ పోయేదాకా రుద్దాడు. వెనకవైపు కూడా రుద్దాడు. తర్వాత టేపు చుట్ట విప్పి వేలెడంత ముక్క కత్తిరించాడు. గాడి అంచు వెంట అంటించబోతే వంకరగా పడింది. పీకేసి, ఇంకో ముక్క కత్తిరించాడు.