నడిమి మాట

ఎవరు మాట్లాడినా ఇస్తారి తల ఎడమ భుజం మీదికి వంచి, మాట పూర్తయ్యేదాకా కదలకుండా వినేటోడు. తర్వాత పాన్‌తో ఎర్రబడ్డ పెదాలు తుడుచుకొని, ఇటు మాట అటు చెప్పేటోడు. బయటి కంపెనీలు దేశానికి రావడం మొదలైన ఏండ్లవి. మరాఠీ ప్రాంతంలో, ఘుగ్గుస్ దగ్గరి ఒక బొగ్గుబాయిలో కట్టె గుంజలకు బదులు ఇనుప బోల్టులతో కప్పు నిలబెట్టే ప్రయోగం నడుస్తుండె. నాగపూర్ ఇంజనీరు వినాయక్ సాబ్‌కు తెలుగు రాదు. కార్మికుల పెద్ద సారయ్యకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. "గుంజలు తీసేస్తడా? ఈయనకు దిమాక్ ఖరాబైంది" అని సారయ్య అంటే, "ఇంకోసారి ఆలోచిద్దామంటుండు సాబ్" అని మరాఠీలో చెప్పేటోడు ఇస్తారి. తిట్లన్నీ అతని నోట్లోనే కరిగిపోయేవి. పని సాగేది.

ఒకరోజు బాయిలో కప్పు చిటపటమంది. "ఉరుకుండ్రి!" అని సారయ్య అరిచిండు. ఇస్తారి అలవాటు కొద్దీ, "జర బయటికి పోతే మంచిదంటుండు సాబ్" అన్నడు. సాబ్ నిదానంగా కొలత టేపు చుట్టబోయిండు. సారయ్య రెక్క పట్టి గుంజకపోతే కూలిన బండ కిందనే ఉండేటోడు. తెల్లారి ఆఫీసులో, తప్పు బోల్టులదా గుంజలదా అని ఇద్దరూ కొట్లాడి కొట్లాడి ఊరుకున్నరు. ఎవరూ మాట్లాడకుండానే, పైన ఆఫీసు స్లాబు ఏదో చెప్తున్నట్టు, ఇస్తారి తల వంచిండు. చాలాసేపు విన్నడు. పెదాలు తుడుచుకోలేదు. మరాఠీలో "పళా!", తెలుగులో "ఉరుకుండ్రి!" అని ఉన్నదున్నట్టు అరిచిండు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని ఒకే తలుపులోంచి బయటపడ్డరు. తిరిగి చూస్తే స్లాబు పడలేదు. దాని కింద ఇస్తారి తల వంచుకొని, స్లాబు మాట ఇంకా అయిపోలేదన్నట్టు, వాళ్లను అక్కడే ఆగమని చెయ్యెత్తిండు.