మాలకొండమ్మ గుంటకు ఆరు బస్తాలు

ఆ సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు నరేంద్రబాబు గారి ఫోనుకు ఆయన సొంత కొట్టు నుంచే ఒక మెసేజి వచ్చింది. మీరు మాకు రెండు వేల మూడు వందలు బాకీ ఉన్నారు, మూడు రోజుల్లో కట్టకపోతే మీకు మేత ఆపేస్తాం అని దాని సారాంశం. ఆయన అప్పుడు మూడో దోసె మీద ఉన్నారు. ఆయన మెసేజి చదివి వినిపించాక, నాలుగో దోసె వేయాలా వద్దా అని భార్య ఉషారాణి గారు పెనం దగ్గర నుంచి చాలా మర్యాదగా అడిగారు.

ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే రోడ్డు మీద ఆయనది రొయ్యల మేత కొట్టు. అక్కడ లెక్కలు రాసేది ఆదిశేషమ్మ. పంతొమ్మిదేళ్ళ కిందట బస్తాలు లెక్కపెట్టే పనికి వచ్చి, మెల్లగా కంప్యూటరు ముందు కుర్చీ దాకా జరిగింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారినా సర్దుకోదు. మనిషిని చూడాలంటే వాటి పైనుంచే చూస్తుంది. ఆ చూపు తగిలినవాళ్ళకు తాము ఎప్పుడో ఎగ్గొట్టిన టీ డబ్బులు కూడా గుర్తుకొస్తాయి. నాకైతే రెండు సార్లు వచ్చాయి.

ఆ కొట్టులో రెండు సాఫ్ట్‌వేర్లు ఉండేవి. ఒకటి ఆదిశేషమ్మ కంప్యూటరులో, ఎవరెంత కట్టారో రాసుకునేది. ఇంకొకటి గోడౌను చూసే సుకుమార్ ఫోనులో, ఎవరికి ఎన్ని బస్తాలు ఇవ్వచ్చో చెప్పేది. రోజూ సాయంత్రం దీనిలోని జమలను దానిలోకి ఆదిశేషమ్మ చేత్తో ఎక్కించేది. ఇక ఆ బాధ లేకుండా రెండింటికీ లింకు పెడతామని నెల్లూరు నుంచి కిషోర్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. ఆదివారమంతా కూర్చుని పెట్టేశాడు కూడా. ఆ లింకు ఏడాది లెక్కలన్నీ బ్యాంకు కాగితాలతో మొదటి నుంచి కలుపుకొచ్చి, అయ్యగారు ఎప్పుడో బావమరిది చేపల చెరువుకు పంపిన ఒక్క బస్తానూ పట్టుకుంది. బస్తా మాత్రం నిజమేనని ఆదిశేషమ్మ ధ్రువీకరించింది.

అంతవరకు నవ్వుకోవచ్చు. పది గంటలకు మాలకొండమ్మ వచ్చింది.

మాలకొండమ్మది ఒకే ఒక్క రొయ్యల గుంట, అదీ కౌలుకు. రొయ్య పిల్లలు వదిలి యాభై రెండో రోజు. పూటకింతని నాలుగు పూటలా మేత పడాలి. ఒక రోజు తప్పిందా, పెంకు విడిచి మెత్తగా ఉన్నదాన్ని పక్కది కొరుక్కు తింటుంది. రెండు రోజులు తప్పితే గుంటలో మిగిలేవి ఎన్నో చెప్పలేం. పంట మధ్యలో కొత్త కొట్టువాడెవడూ అరువివ్వడు. ఆటో మాట్లాడుకుని ఆరు బస్తాలకు వచ్చిన ఆ మనిషికి సుకుమార్ ఫోను తిప్పి చూపించాడు. ఎర్రగా ఉంది. పోయిన పంట బాకీ రెండు లక్షల పద్నాలుగు వేలు, సరుకు ఇవ్వరాదు.

చుట్టూ నలుగురు రైతులు ఉన్నారు. నలుగురూ ఒక్కసారిగా గోడ మీది క్యాలెండరు చదవసాగారు.

"నేనట్టా ఎగ్గొట్టే మనిషినైతే ఈ గడప తొక్కుతానా అక్కా?" అంది మాలకొండమ్మ, ఆదిశేషమ్మ వైపు తిరిగి. గొంతు పెంచలేదు.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. రొయ్యలు పట్టిన రోజున రైతు చేతికి పూర్తి డబ్బు రాదు. కొన్న వ్యాపారి అందులోంచి మేత బాకీని మినహాయించి, నేరుగా మేత కొట్టుకే పంపేస్తాడు. ముగ్గురు రైతులవి కలిపి ఒకేసారి పంపి, ఎవరిదెంతో ఫోనులో నోటితో చెబుతాడు. ఆదిశేషమ్మ విని, నోటుబుక్కులో గుంటల వారీగా రాసుకుని పంచేది. లింకుకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తే వాళ్ళ పేరునే జమ వేసింది. మాలకొండమ్మ పోయిన పంట బాకీ పంపిన రొయ్యల వ్యాపారి కామాక్షయ్య జన్మలో మేత బస్తా కొనలేదు. ఆ ఉదయం నుంచి ఆయన కొట్టుకు అందరికంటే పెద్ద ఖాతాదారు. కృతజ్ఞతలు చెబుతూ, రెండు శాతం తగ్గింపు కూడా ప్రకటిస్తూ ఆయనకు కొట్టు నుంచి మెసేజి వెళ్ళిందట. ఇదేదో మోసమని భయపడి ఆయన ఫోను కట్టేసి కూర్చున్నాడు.

ఆదిశేషమ్మ పాత చీటీల పుస్తకం తీసింది. 'మాలకొండమ్మ, ఆరు బస్తాలు' అని రాసి సంతకం పెట్టి సుకుమార్ చేతికిచ్చింది. అతను నసిగాడు. ఫోను ఒప్పుకోదన్నాడు, సాయంత్రానికి ఆరు బస్తాలు తక్కువ చూపిస్తుందన్నాడు.

"చూపించనీ. సంతకం నాది. ముందు ఆటోకెత్తు."

బస్తాలు ఆటో ఎక్కాయి. ఆమె తిరిగొచ్చి కంప్యూటరుకున్న ఇంటర్నెట్ వైరు పీకి, చుట్టచుట్టి, తన అన్నం సంచిలో క్యారియరు పక్కన పెట్టుకుంది. లింకు తెగిపోయిందని కిషోర్ ఫోను చేస్తే నరేంద్రబాబు గారు హడావిడిగా వచ్చారు. ఆయన మంచివాడే, డబ్బు పోసి కొన్న వస్తువు మీద మమకారం అంతే. వైరు ఇమ్మన్నారు.

"ఇయ్యను బాబూ. నలభై మూడు గుంటలుండాయి. ఎవరి జమ వాళ్ళకు చేర్చినాక ఇస్తా. ఈలోగా మీరు నన్ను మానుకోమంటే మానుకుంటా, వైరు మాత్రం నాతోనే వస్తాది."

 ఆయన తన బస్తా తాలూకు రెండు వేల మూడు వందలు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, రశీదు అడిగి తీసుకుని వెళ్ళిపోయారు. అదే ఆయన అనుమతి అని మేమంతా అర్థం చేసుకున్నాం.

నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కొట్టు చీటీల మీదే నడిచింది. అయిదో రోజు కిషోర్ వస్తే, జమ పక్కన 'ఎవరి తరఫున' అని ఒక గడి కావాలంది ఆదిశేషమ్మ. ఆ గడి నిండి, తాను చూసి సరే అంటేనే ఆ జమ సుకుమార్ ఫోనులోకి పోవాలంది. ఇన్ని ఊళ్ళలో పెట్టాం, ఇట్లాంటిది ఎవరూ అడగలేదన్నాడతను. ఆమె కళ్ళద్దాల పైనుంచి చూసింది. మధ్యాహ్నం భోజనానికి ముందే గడి వచ్చింది. అప్పుడు వైరు ఇచ్చింది. కాస్త పప్పుచారు వాసన వేసింది.

నెల తిరిగాక కిషోర్ మళ్ళీ వచ్చాడు. మాలకొండమ్మ గుంట అప్పటికి రొయ్యల పట్టుబడికి దగ్గరపడింది. అతని దిగులు అతనిది.

"మీరు సరే నొక్కేదాకా ఒక్కో జమ పూటంతా ఆగిపోతోంది మేడం. ఇంక మేం లింకు పెట్టి ఏం లాభం?"

"ఆగనీలే నాయనా, రూపాయి ఒక పూట ఆగితే ఆకలికి చావదు," అంది ఆదిశేషమ్మ.